కరిగిపోయే కణితి: మెదడు లింఫోమా నిర్ధారణలో స్కానుల పాత్ర

మెదడు కణజాలంలో శోషరస గ్రంథులు లేవు. అయినప్పటికీ శోషరస వ్యవస్థకు చెందిన తెల్లరక్తకణాల నుంచి పుట్టే లింఫోమా అనే క్యాన్సరు, మెడలో గానీ చంకల్లో గానీ గజ్జల్లో గానీ ఏ బిళ్ళా కనబడకుండానే, నేరుగా మెదడులోనో వెన్నుపాములోనో, వాటిని కప్పి ఉండే పొరల్లోనో, కంటి లోపలి భాగంలోనో తలెత్తవచ్చు. ఇలా ఈ పరిధికే పరిమితమైన వ్యాధిని ప్రాథమిక కేంద్ర నాడీమండల లింఫోమా అంటారు. శరీరంలో మరోచోట మొదలైన లింఫోమా తరువాత మెదడుకు పాకితే దానిని ద్వితీయమని వేరుచేసి చెబుతారు. మెదడులోనే పుట్టే కణితులన్నింటిలో ప్రాథమిక లింఫోమా వాటా సుమారు 2 నుంచి 4 శాతమే. వీటిలో పదింట తొమ్మిదికి పైగా, రోగనిరోధక వ్యవస్థలోని బి-కణాలు పెద్దవై, అదుపు తప్పి, కణజాలమంతటా పరచుకొని పెరిగే 'డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్' రకానికి చెందుతాయి.

ఇంత అరుదైన వ్యాధిని ప్రత్యేకంగా గుర్తుపట్టవలసిన అవసరం ఏమిటంటే, దీని చికిత్స మిగిలిన మెదడు కణితుల చికిత్సకు పూర్తిగా భిన్నమైనది. సాధారణంగా మెదడులో దుష్టకణితి ఉందని తెలిస్తే న్యూరోసర్జన్ వీలైనంత మేరకు దానిని తొలగించే ప్రయత్నం చేస్తారు; లింఫోమా విషయంలో మాత్రం ప్రధానమైన పని మందులదే, శస్త్రచికిత్స చాలావరకు బయాప్సీతో, అంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడంతో ముగుస్తుంది. కాబట్టి కపాలం తెరవక ముందే, స్కాను చిత్రాన్ని చూసిన దశలోనే, ఇది లింఫోమా కావచ్చుననే అనుమానం వైద్యుడికి కలగాలి. ఆ అనుమానాన్ని లక్షణాలు కలిగించలేవు. మతిమరుపు, ప్రవర్తనలో మార్పు, మాట తడబడటం, ఒక పక్క కాలుచేతుల్లో బలం తగ్గడం, తలనొప్పి వంటివి పక్షవాతం మొదలుకొని మతిభ్రంశం వరకు ఎన్నో వ్యాధుల్లో కనబడేవే. ఇతర లింఫోమాల్లో తరచుగా ఉండే జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఇందులో అరుదు. రోగుల్లో ఎక్కువమంది అరవై దాటినవారు కావడం వల్ల తొలి మార్పులను ఇంటివారు వయసు ప్రభావంగా భావించి ఊరుకోవడం కూడా కద్దు.

అనుమానానికి తొలి ఆధారం చాలా సందర్భాల్లో సీటీ స్కానులోనే దొరుకుతుంది. 1971లో లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రంతో తొలిసారి ఒక రోగి మెదడును పొరలు పొరలుగా చిత్రించిన నాటి నుంచి, తలకు సంబంధించిన అత్యవసర పరీక్షగా సీటీ స్థిరపడింది. ఎక్స్ కిరణాలను ఎక్కువగా అడ్డుకునే పదార్థం ఈ చిత్రంలో తెల్లగానూ, తక్కువగా అడ్డుకునేది నల్లగానూ కనబడుతుంది. మెదడు కణితుల్లో చాలావాటిలో నీటిశాతం ఎక్కువ కాబట్టి అవి చుట్టూ ఉన్న కణజాలం కంటే నల్లగా ఉంటాయి. లింఫోమా దీనికి విరుద్ధం. ఇందులోని కణాలు ఒకదానినొకటి ఒరుసుకొని కిక్కిరిసి ఉంటాయి, ఒక్కొక్క కణంలోనూ కేంద్రకమే అధికభాగాన్ని ఆక్రమించి, చుట్టూ ఉండవలసిన ద్రవభాగం పలచని అంచుగా మిగులుతుంది. అందువల్ల, చిత్రంలో తేడాలు తేటపడటానికి ఇచ్చే కాంట్రాస్ట్ మందు ఎక్కించక ముందే చాలా లింఫోమాలు సీటీలో మెదడు కణజాలమంత తెల్లగానో, అంతకంటే కొంచెం తెల్లగానో కనబడతాయి. లోతైన భాగంలో ఇటువంటి తెల్లని ముద్ద, దాని చుట్టూ వాపు కనబడినప్పుడు అనుభవమున్న రేడియాలజిస్టు అక్కడే ఒక క్షణం ఆగుతాడు.

అసలు పరిశీలన ఎంఆర్‌ఐతో మొదలవుతుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో శరీరంలోని నీటి అణువుల హైడ్రోజన్ కేంద్రకాలను రేడియో తరంగాలతో కదిపి, అవి తిరిగి యథాస్థితికి వచ్చేటప్పుడు వెలువరించే సంకేతాలతో చిత్రాన్ని నిర్మించే ఈ పద్ధతిలో, రోగిని ఒకేసారి పడుకోబెట్టి అదే మెదడును పలు రకాలుగా చూడవచ్చు. ఆ రకాలను సీక్వెన్సులు అంటారు. టీ2 అనే సీక్వెన్సులో నీరు తెల్లగా వెలుగుతుంది. చాలా కణితులు అక్కడ తెల్లగా కనబడుతుండగా, కణసాంద్రత ఎక్కువైన లింఫోమా మాత్రం మెదడులోని బూడిదరంగు పదార్థంతో సమానంగానో దానికంటే నల్లగానో ఉంటుంది. ఆ తరువాత గెడోలినియం అనే లోహంతో చేసిన కాంట్రాస్ట్ మందును నరం ద్వారా ఎక్కిస్తారు. మెదడు రక్తనాళాల గోడలు రక్తంలోని అనేక పదార్థాలను లోపలికి రానీయవు. ఈ కట్టుదిట్టాన్నే రక్త-మెదడు అవరోధం అంటారు. లింఫోమా కణాలు చిన్న రక్తనాళాల చుట్టూ ఉంగరాల్లా పేరుకొని ఆ గోడలను దెబ్బతీయడం వల్ల మందు కణితి అంతటా బయటికి ఊరి, ముద్ద మొత్తం ఒకే తీరుగా వెలిగిపోతుంది. రోగనిరోధక శక్తి సరిగా ఉన్నవారిలో ఈ ఏకరీతి వెలుగే లింఫోమాకు బాగా పేరుపడ్డ గుర్తు.

కణితి ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమైన సాక్ష్యమే. లింఫోమా ఎక్కువగా పెద్దమెదడు లోతుల్లో, ద్రవంతో నిండిన గదుల అంచుల వెంబడి, రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కెలోజం అనే నాడీతంతువుల వంతెనలో, బేసల్ గాంగ్లియా, థలామస్ అనే లోపలి కేంద్రాల్లో ఏర్పడుతుంది. కణితి ఏదో ఒకవైపు మెదడు గదిని గానీ పైపొరను గానీ తాకుతూ ఉండటం దీని అలవాటు. ఎక్కువమందిలో ఒకటే ముద్ద ఉంటుంది, సుమారు మూడోవంతు మందిలో ఒకటికి మించి ఉంటాయి. లోతుల్లో ఉండటం వల్లనే, మెదడు పైభాగాన్ని రేగజేసే ఇతర కణితులతో పోలిస్తే, ఈ వ్యాధిలో మూర్ఛలు తక్కువ.

ఇక్కడ డిఫ్యూజన్ చిత్రణ అనే సీక్వెన్సు గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే లింఫోమాను పట్టించడంలో దీని వాటా పెద్దది. కణజాలంలోని నీటి అణువులు ఒక్కచోట నిలకడగా ఉండవు, అన్ని దిక్కులకూ అల్లల్లాడుతూ ఉంటాయి. ఖాళీ మైదానంలో నడిచే మనిషికి, తిరునాళ్ల రద్దీలో నడిచే మనిషికి ఉన్నంత తేడా, విడివిడిగా ఉన్న కణాల నడుమ కదిలే నీటికీ కిక్కిరిసిన కణాల నడుమ చిక్కుకున్న నీటికీ ఉంటుంది. ఆ కదలిక ఏ మేరకు అడ్డుపడిందో డిఫ్యూజన్ చిత్రం కొలిచి చూపుతుంది. అడ్డు ఎక్కువగా ఉన్నచోటు ఈ చిత్రంలో తెల్లగానూ, దానికి జోడుగా తయారుచేసే ఏడీసీ పటంలో నల్లగానూ వస్తుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడం తప్పనిసరి, ఎందుకంటే టీ2లోని తెలుపు డిఫ్యూజన్ చిత్రంలోకి జారి మోసపుచ్చే అవకాశం ఉంది. అప్పుడే వచ్చిన పక్షవాతంలోనూ, చీముగడ్డలోనూ ఇదే తీరు కనబడుతుంది కాబట్టి ఇది ఒక్కటే చాలదు. కానీ ఏకరీతిగా వెలిగిన ముద్ద ఏడీసీ పటంలోనూ నల్లగా ఉందంటే లింఫోమా పేరు జాబితాలో పైకి చేరుతుంది.

లింఫోమాతో తరచుగా పొరపడేది గ్లియోబ్లాస్టోమా. మెదడు సొంత ఆధారకణాల నుంచి పుట్టి అతివేగంగా పెరిగే ఈ కణితి కూడా కార్పస్ కెలోజం గుండా అటూ ఇటూ రెక్కలు చాచి సీతాకోకచిలుక ఆకారంలో కనబడగలదు. అయితే దాని మధ్యభాగం రక్తం అందక కుళ్ళిపోవడం వల్ల కాంట్రాస్ట్ మందు అంచున మాత్రమే గరుకైన వలయంగా వెలుగుతుంది, లోపల సూక్ష్మ రక్తస్రావాలు ఎక్కువగా ఉంటాయి. అంతకంటే సూక్ష్మమైన తేడాను పెర్‌ఫ్యూజన్ చిత్రణ చూపుతుంది. కాంట్రాస్ట్ మందు కణితి గుండా ప్రవహించే తీరును క్షణక్షణం నమోదుచేసి, అక్కడి రక్తనాళాల్లో ఎంత రక్తం ఉందో ఈ పద్ధతి అంచనా వేస్తుంది. గ్లియోబ్లాస్టోమా తనకోసం కొత్త రక్తనాళాలను విరివిగా పుట్టించుకుంటుంది, లింఫోమా ఉన్న నాళాలనే చుట్టుకొని పెరుగుతుంది. అందువల్ల కాంట్రాస్ట్‌తో అంత ప్రకాశంగా వెలిగిన లింఫోమాలో రక్త పరిమాణం అనుకున్నదానికంటే తక్కువగా తేలుతుంది. బాగా వెలగడానికీ రక్తం సమృద్ధిగా ఉండటానికీ సంబంధం లేదన్న ఈ విషయాన్ని తెలియజెప్పడంలోనే పెర్‌ఫ్యూజన్ విలువ ఉంది. కణితిలోని రసాయనాలను అంచనావేసే స్పెక్ట్రోస్కోపీ అనే మరో పరీక్షలో కోలీన్ పెరిగి, నాడీకణాలకు గుర్తయిన పదార్థం తగ్గి, కుళ్ళిన భాగం లేకపోయినా కొవ్వు శిఖరం ఎత్తుగా కనబడటం లింఫోమా వైపు మొగ్గు చూపుతుంది.

ఈ సూత్రాలన్నీ రోగనిరోధక శక్తి ఉన్నవారికి వర్తించేవి. అది క్షీణించినవారిలో బొమ్మ తలకిందులవుతుంది. అవయవమార్పిడి తరువాత నిరోధకశక్తిని అణచే మందులు వాడేవారిలోనూ, హెచ్ఐవీ ముదిరినవారిలోనూ వచ్చే లింఫోమాకు ఎప్‌స్టీన్-బార్ వైరసుతో గాఢమైన సంబంధం ఉంది. అందులో ముద్దలు ఒకటికి మించి ఉండటం, మధ్యలో కుళ్ళి వలయంలా వెలగడం సర్వసాధారణం. 1980 దశకంలో ఎయిడ్స్‌తో పాటు ఈ లింఫోమా కూడా పెరిగింది, 1996 తరువాత శక్తిమంతమైన మందుల కలయికలు వాడుకలోకి రావడంతో తగ్గింది. ఇటువంటి రోగుల్లో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కలిగించే గడ్డలు కూడా అచ్చం ఇలాగే బేసల్ గాంగ్లియాలో వలయాలుగా కనబడతాయి. రెంటినీ ఎంఆర్‌ఐ ఒక్కటే విడదీయలేని స్థితిలో, టాక్సోప్లాస్మాకు మందులు మొదలుపెట్టి రెండు వారాల తరువాత మళ్ళీ స్కాను చేసి చూడటం, వెన్ను నుంచి తీసిన ద్రవంలో ఎప్‌స్టీన్-బార్ వైరసు జన్యుపదార్థం ఉందేమో వెతకడం ఆనవాయితీ.

భారతదేశంలో రేడియాలజిస్టు ముందు మరో చిక్కు నిలుస్తుంది. అది క్షయ. మెదడులో ఏర్పడే క్షయగడ్డను ట్యూబర్‌క్యులోమా అంటారు. దాని లోపలి గట్టి పదార్థం కూడా టీ2 చిత్రంలో నల్లగానే ఉంటుంది, స్పెక్ట్రోస్కోపీలో అక్కడా కొవ్వు శిఖరం కనబడుతుంది. క్షయ విస్తారంగా ఉన్న ప్రాంతంలో మెదడులో కాంట్రాస్ట్‌తో వెలిగిన గడ్డను చూసి వైద్యుడు ముందుగా క్షయనే తలచడం సహజం, చాలాసార్లు అది సరైన ఊహే. ప్రమాదమంతా చికిత్సలో ఉంది. మెదడు క్షయకు టీబీ మందులతో పాటు వాపు తగ్గడానికి స్టెరాయిడ్లు కూడా ఇస్తారు. అసలు జబ్బు లింఫోమా అయినట్లయితే ఆ స్టెరాయిడ్ల వల్లనే గడ్డ తగ్గుముఖం పడుతుంది. టీబీ మందులు పనిచేశాయని అందరూ సంతోషిస్తారు. కొన్ని వారాలకో నెలలకో స్టెరాయిడ్ మోతాదు తగ్గించగానే గడ్డ అదేచోటనో మరోచోటనో తిరిగి లేస్తుంది. అప్పటికి విలువైన కాలం గడిచిపోయి ఉంటుంది.

ఈ వ్యాధిలో స్టెరాయిడ్ ప్రశ్నకు మించిన ప్రశ్న లేదు. డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు మెదడు వాపును మాత్రమే గాక లింఫోమా కణాలను సైతం నేరుగా చంపుతాయి. గణనీయమైన సంఖ్యలో రోగుల్లో కణితి కొద్ది రోజుల్లోనే చిక్కిపోతుంది, ఒక్కోసారి స్కానులో మాయమవుతుంది. వైద్యులు దీనిని 'దెయ్యపు కణితి' అని పిలవడం ఇందుకే. ఈ మెరుగుదల వ్యాధి నయమైనట్లు కాదు. ఇటువంటి దశలో బయాప్సీ చేస్తే పెథాలజిస్టుకు అందేది చచ్చిన కణాలు, వాటిని ఏరివేస్తున్న భక్షక కణాలు, నిర్దిష్టంగా ఏమీ తేల్చలేని వాపు మాత్రమే. లింఫోమా అని చెప్పగల కణాలు అందులో మిగలకపోవచ్చు. అందువల్ల చిత్రాలు లింఫోమాను సూచిస్తున్నప్పుడు, మెదడు ఒత్తిడితో ప్రాణాపాయం లేనంతవరకు, బయాప్సీ పూర్తయ్యేదాకా స్టెరాయిడ్ మొదలుపెట్టకపోవడం సర్వత్రా అంగీకరించిన నియమం. తలనొప్పితో వచ్చిన రోగికి సీటీలో వాపు కనబడగానే అలవాటుగా డెక్సామెథసోన్ ఇంజెక్షన్ చేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఇతర కణితుల్లో ఉపశమనమిచ్చే ఆ ఇంజెక్షనే ఇక్కడ సాక్ష్యాన్ని చెరిపివేస్తుంది. మెదడు లింఫోమాలో స్కాను చేయగల అతి పెద్ద మేలు, పేరు పెట్టడం కంటే కూడా, ఆ సూదిని సకాలంలో ఆపించడం.

కాబట్టి మంచి రేడియాలజీ నివేదిక ఎలా ఉంటుందో సామాన్య పాఠకుడు కూడా తెలుసుకోవడం ఉపయోగకరమే. అందులో కణితి ఏ భాగంలో ఉంది, మెదడు గదిని తాకుతోందా, కొలతలెంత అన్న వివరాల తరువాత, టీ2లో సంకేతం తక్కువగా ఉందని, డిఫ్యూజన్‌కు అడ్డు ఉందని, కాంట్రాస్ట్‌తో ఏకరీతిగా వెలిగిందని, పెర్‌ఫ్యూజన్ పెద్దగా పెరగలేదని ఒక్కో వాక్యంగా రాసి, చివర అభిప్రాయం అనే శీర్షిక కింద లింఫోమాకు అవకాశం ఎక్కువ, గ్లియోబ్లాస్టోమా, క్షయగడ్డ, నాడీతంతువులను కప్పే మైలిన్ పొర దెబ్బతినే వ్యాధి తరువాతి అవకాశాలు అని వరుస చెబుతారు. ఆ కింద, స్టెరాయిడ్ ఇవ్వక ముందే బయాప్సీ చేయడం మంచిది అన్న ఒక్క వాక్యం ఉన్నట్లయితే ఆ నివేదిక రాసినవారు తమ పని పూర్తిగా చేసినట్లే లెక్క.

మెదడులో ఉన్నది తేలిన తరువాత మిగిలిన శరీరంలో ఏముందో చూడవలసి ఉంటుంది. కొద్దిమందిలో వ్యాధి నిజానికి వృషణంలోనో, పొట్టలోని గ్రంథుల్లోనో మొదలై, అక్కడ చడీచప్పుడు లేకుండా ఉండి, మెదడులో బయటపడుతుంది. దీనికి పెట్-సీటీ పనికివస్తుంది. ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువును తగిలించిన గ్లూకోజును నరంలోకి ఎక్కించి, చక్కెరను ఆబగా తీసుకునే క్యాన్సరు కణాలు ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీసే పరీక్ష ఇది. ఫ్లోరిన్-18 సుమారు 110 నిమిషాలకు సగానికి తగ్గిపోతుంది కాబట్టి మందు తయారీకీ స్కానుకూ మధ్య ఆలస్యం పనికిరాదు. రోగి పరగడుపున రావాలి, రక్తంలో చక్కెర అదుపులో ఉండాలి. మెదడు లింఫోమా ఈ గ్లూకోజును తీవ్రంగా పీల్చుకొని వెలుగుతుంది; అయితే ఆరోగ్యవంతమైన మెదడు పైపొర కూడా సహజంగానే చక్కెరను బాగా వాడుతుంది గనుక చిన్న గడ్డలు ఆ వెలుగులో కలిసిపోవచ్చు. స్టెరాయిడ్ ఇక్కడ కూడా ఫలితాన్ని తగ్గించి చూపుతుంది. వ్యాధి వృషణంలో మొదలై ఉండవచ్చు గనుకనే వయసు మళ్ళిన పురుషుల్లో అక్కడ అల్ట్రాసౌండ్ కూడా చేస్తారు.

కళ్ళను మరచిపోయే పొరపాటు సాధారణంగా జరుగుతుంటుంది. ప్రాథమిక మెదడు లింఫోమా ఉన్నవారిలో సుమారు 15 నుంచి 25 శాతం మందికి కంటి లోపల కూడా వ్యాధి ఉంటుంది, కొందరిలో అది కంట్లోనే మొదలవుతుంది. చూపు మసకబారడం, కంటిముందు మచ్చలు తేలడం వంటి లక్షణాలు కంటి వాపుగా పొరబడి నెలల తరబడి స్టెరాయిడ్ చుక్కలతో గడిచిపోవచ్చు. స్లిట్ ల్యాంపు పరీక్ష, రెటీనా పొరలను కాంతితో చిత్రించే ఓసీటీ దీనిని బయటపెడతాయి. కంటితో పాటు వెన్ను ద్రవాన్ని కూడా చూస్తారు. నడుము సూదితో తీసిన ఆ ద్రవంలో క్యాన్సరు కణాలు దొరికితే కొన్నిసార్లు బయాప్సీ అవసరమే తప్పుతుంది, కానీ తల లోపల ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు ఈ సూది ప్రమాదకరం, కాబట్టి ముందు స్కాను చూసుకోవాలి.

ఇన్ని చిత్రాలున్నా నిర్ధారణ మాత్రం చాలావరకు కణజాలంతోనే. స్టీరియోటాక్టిక్ బయాప్సీలో ఎంఆర్‌ఐ చిత్రాన్నే పటంగా పెట్టుకొని, పుర్రెలో చిన్న రంధ్రం చేసి, కొలతల ప్రకారం సన్నని సూదిని దింపి, కాంట్రాస్ట్‌తో వెలిగిన భాగం నుంచే ముక్క తీస్తారు. స్కాను చిత్రాలను చూసి గ్లియోబ్లాస్టోమాను, లింఫోమాను విడదీసే కంప్యూటరు ప్రోగ్రాములపై పరిశోధన సాగుతోంది. కానీ అరుదైన వ్యాధికి చిత్రాలు దొరకడమే తక్కువ కాబట్టి ప్రస్తుతానికి అవి సూదికి ప్రత్యామ్నాయం కావు.

నిర్ధారణ అయిన తరువాతి చికిత్సలో తెలుగువారికి దగ్గరి సంబంధం ఒకటి ఉంది. ఈ వ్యాధికి నేటికీ మూలస్తంభమైన మందు అధిక మోతాదు మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలో, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులపై అక్కడ జరిగిన కృషి నుంచి వచ్చిన మందుల కుటుంబానికి చెందినది ఇది. ఆ కోవలోని అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ బాస్టన్‌లో పిల్లల రక్తక్యాన్సరును తాత్కాలికంగా అదుపు చేసి 1948లో ప్రకటించగా, దానికి అతి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ తరువాత నిలదొక్కుకుంది. మామూలు మోతాదులో రక్త-మెదడు అవరోధాన్ని దాటలేని ఈ మందు, శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు 3 గ్రాములు, అంతకు మించిన మోతాదులో నరం ద్వారా ఎక్కించినప్పుడు మెదడుకు చేరుతుంది. ఆ తరువాత సాధారణ కణాలను కాపాడటానికి ఫోలినిక్ ఆమ్లం ఇస్తారు. మూత్రపిండాలు బాగుంటేనే ఇది సాధ్యం.

చికిత్స ఫలించిందో లేదో చెప్పేది మళ్ళీ ఎంఆర్‌ఐయే. ఈ వ్యాధిపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2005లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, కాంట్రాస్ట్‌తో వెలిగే భాగం పూర్తిగా పోవాలి, కంటిలోనూ వెన్ను ద్రవంలోనూ వ్యాధి ఉండరాదు, అంతేగాక రోగి స్టెరాయిడ్ వాడుతూ ఉండరాదు. అప్పుడే పూర్తి ప్రతిస్పందన అంటారు. వెలిగే భాగం సగానికి సగం తగ్గితే పాక్షిక ప్రతిస్పందన, 25 శాతం పెరిగితే వ్యాధి ముదిరినట్లు. మందుల వల్ల, రేడియేషన్ వల్ల మెదడు తెల్లపదార్థంలో వచ్చే మార్పులను వ్యాధి తిరగబెట్టినట్లు భ్రమపడకుండా ఉండటానికి పాత చిత్రాలతో పోల్చి చూడటం ముఖ్యం.

అందువల్ల మెదడులో గడ్డ ఉందని తెలిసిన ప్రతి కుటుంబమూ రెండు పనులు చేయాలి. మొదటి స్కాను ఫిల్ములను, సీడీని పారేయకుండా ప్రతి వైద్యుడికీ చూపాలి. ఇంతకుముందు ఏ ఆసుపత్రిలోనైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ గానీ మాత్రలు గానీ ఇచ్చి ఉంటే, ఏ తేదీన మొదలై ఎన్ని రోజులు వాడారో చీటీతో సహా చెప్పాలి. వాడుతున్న స్టెరాయిడ్‌ను సొంతంగా ఆపడం మాత్రం ప్రమాదం, ఆ నిర్ణయం వైద్యుడిదే.